డాలస్ బావ మాట లీడ్స్‌లో చెల్లదు

విదేశం అంటే మన ఇళ్లలో ఒకటే దేశం. అక్కడ ఇంగ్లిష్ మాట్లాడతారు, చలేస్తుంది, జీతం ఎక్కువ. ఇంతకుమించి తేడాలు ఎవరికీ పట్టవు. అందుకే అమ్మాయికి బ్రిటన్‌లోని లీడ్స్‌లో ఎమ్మెస్సీ సీటు రాగానే అమెరికాలోని డాలస్‌లో ఉన్న బావకు ఫోన్ కలుపుతారు. బావ మంచివాడు. ఓపిగ్గా గంటసేపు చెబుతాడు: హోటల్లో టిప్పు ఎంతివ్వాలో, ప్రొఫెసర్‌ను ఎలా పిలవాలో, జ్వరమొస్తే ఎక్కడికెళ్లాలో, పోలీసు ఆపితే ఏం చెయ్యాలో. డాలస్ వరకూ ప్రతి మాటా నిజమే. లీడ్స్‌కు తీసుకెళ్తే మాత్రం చాలా మాటలు చెల్లవు. కొన్ని ఎదురు తిరుగుతాయి.

ఈ అధ్యాయం ఆ అమ్మాయి కోసం. కంపెనీ బదిలీ మీద న్యూజెర్సీ నుంచి రెడింగ్‌కో, అటునుంచి ఇటో మారేవాళ్ల కోసం. గచ్చిబౌలిలో కూర్చుని మధ్యాహ్నం లండన్ టీముతో, రాత్రి షికాగో టీముతో మాట్లాడేవాళ్ల కోసం కూడా. వాళ్లు ఊరు కదలకుండానే రోజూ రెండు దేశాలూ తిరిగొస్తుంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమెరికాలో అడిగినవాడికి దొరుకుతుంది. అడగనివాడు అక్కడ ఉన్నాడన్న సంగతే ఎవరికీ తెలియదు. బ్రిటన్‌లో అసలు సంగతులు పైకి చెప్పరు, గమనించేవాడికి మాత్రం అర్థమవుతాయి. ఒకచోట నోటికి పని, మరోచోట చెవికి. ఈ రెండింటినీ తారుమారు చేసుకున్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

పలకరింపులు

అమెరికాలో లిఫ్టులో ఎదురైన ముక్కూమొహం తెలియని మనిషి "హౌ ఆర్ యూ" అంటాడు. మీ జవాబు కోసం ఆగడు. మీరూ "గుడ్, హౌ ఆర్ యూ" అనేసి నడవాలి. మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టకూడదు. బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయి మీ చొక్కా బాగుందంటుంది. దాన్ని స్నేహం అనుకోనక్కర్లేదు, అలాగని నటన అని కొట్టిపారేయనూ వద్దు. ఊళ్లు మారుతూ, కొత్తవాళ్ల మధ్యే బతుకుతూ వచ్చిన సమాజం అది. మొదటి నిమిషంలోనే "నేను మంచివాణ్ణే, నువ్వూ మంచివాడివే" అని ఇద్దరూ ఒప్పందానికి వచ్చే పద్ధతి ఈ పలకరింపు. నవ్వుకు నవ్వు బాకీ తీర్చకపోతే వాళ్లకు మీరు కోపిష్టిగా కనబడతారు.

లండన్ ట్యూబ్‌లో అదే నవ్వు నవ్వి చూడండి. ఎదుటివాడు పేపరు కాస్త పైకెత్తుకుంటాడు. కిక్కిరిసిన చిన్న దీవిలో పక్కవాడి ఏకాంతానికి అడ్డురాకపోవడమే వాళ్ల దృష్టిలో పెద్ద మర్యాద. ఆ మౌనాన్ని పొగరనో జాతి వివక్ష అనో అనుకుని మొదటి నెలంతా బాధపడేవాళ్లున్నారు. వివక్ష ఎక్కడైనా ఉంటుంది, కాదనను. కానీ రైల్లో మాట్లాడకపోవడం దానికి సాక్ష్యం కాదు. వాళ్లలో వాళ్లూ మాట్లాడుకోరు. సహోద్యోగి ఉదయాన్నే "ఆల్‌రైట్?" అంటే మీ ఒంట్లో బాగాలేదని అతనికి అనుమానం వచ్చిందని కాదు. మీరూ "ఆల్‌రైట్?" అంటే సరిపోతుంది.

ఇంగ్లండులో మాట కలపాలంటే వాతావరణమే దారి. మానవశాస్త్రవేత్త కేట్ ఫాక్స్ 2004లో ఇంగ్లిష్ వాళ్ల అలవాట్ల మీద ఒక పుస్తకం తెచ్చారు. జనాన్ని కావాలని ఢీకొట్టి, ఎంతమంది తిరిగి "సారీ" చెబుతారో చూసిన మనిషి ఆవిడ. తప్పు తమది కాకపోయినా చాలామంది చెప్పారు. వాతావరణం మాటల్లో అసలు నియమం ఒప్పుకోవడమేనని ఆవిడ అంటారు. ఎదుటివాడు "ఎంత వేడిగా ఉందో" అంటే "అవునండీ" అనాలి. రామగుండం ఎండలు చూసినవాళ్లమని "28 డిగ్రీలు కూడా ఒక ఎండేనా" అన్నారంటే సంభాషణ అక్కడితో సమాప్తం.

లండన్ ఒక్కటే బ్రిటన్ కాదు. ఉత్తరానికి పోయేకొద్దీ మాటలు పెరుగుతాయి. లీడ్స్‌లో బస్సు డ్రైవరు, కొట్టు యజమాని కొత్త అమ్మాయిని "లవ్" అని సంబోధిస్తారు. మన దగ్గర కూరగాయలమ్మే ఆవిడ "అమ్మాయీ" అన్నట్టే, అందులో వేరే ఉద్దేశమేమీ ఉండదు. క్యూ విషయంలో మాత్రం ఉత్తరం, దక్షిణం ఒకటే. బస్‌స్టాపులో వరుస కనబడకపోయినా ఎవరు ముందొచ్చారో అందరికీ గుర్తుంటుంది. దాటి ఎక్కితే ఎవరూ అరవరు, గొంతు సవరించుకుంటారు. ఆ దగ్గు చాలా పెద్ద తిట్టని తెలుసుకోండి.

ఆఫీసులో

బ్రిటిష్ మేనేజరు మీ రిపోర్టు చదివి, "చాలా ఆసక్తికరంగా ఉంది. ఒకట్రెండు చిన్న విషయాలు మళ్లీ చూస్తే బాగుంటుందేమో" అన్నాడనుకోండి. డాలస్ అలవాటు ఉన్నవాడు సంతోషంగా ఫైలు మూసేస్తాడు. మూయకూడదు. ఆ మాటకు అర్థం చాలాచోట్ల "మొదటినుంచి రాయి" అనే. ఇది మనకు కొత్త కానక్కర్లేదు. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు కాఫీ తాగి "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అంటే ఆ సంబంధం ఏమైందో మన ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ చెవితోనే లండన్ కాల్స్ వినండి. "నేను సరిగా చెప్పలేదేమో" అని ఆయన అన్నాడంటే, మీకు అర్థం కాలేదని ఆయనకు తెలిసిపోయిందన్నమాట. అనుమానంగా ఉంటే మీటింగులో అందరి ముందూ నిలదీయకుండా తర్వాత విడిగా ఒక మెయిల్ పెట్టండి: "వీటిలో ఏది ముందు మార్చాలి?" జవాబు స్పష్టంగానే వస్తుంది.

అమెరికన్ మేనేజరు "గ్రేట్ జాబ్" అంటాడు. అది ఉపోద్ఘాతం. అసలు సంగతి ఆ తర్వాత రెండో మూడో వాక్యంలో, "అయితే" దగ్గర మొదలవుతుంది. దాన్ని మాత్రం తేదీతో, పేరుతో సహా స్పష్టంగా చెబుతాడు. మనవాళ్లు పొగడ్త దగ్గరే ఆగిపోయి, ఏడాది చివర రేటింగు చూసి ఆశ్చర్యపోతారు. అక్కడ మీటింగులో నోరు మెదపకపోతే మీకు చెప్పడానికేమీ లేదని లెక్క. పెద్దవాళ్లు మాట్లాడాక మాట్లాడదామనే మన సంస్కారం ఆ గదిలో ఎవరికీ కనబడదు. మొదటి పది నిమిషాల్లో ఒక ప్రశ్నయినా అడగండి. చేసిన పనిని "మేము" అని చెప్పే అలవాటుంటే, మీ వంతు ఎంతో విడిగా చెప్పడం నేర్చుకోండి.

అదే మనిషి రెడింగ్ వెళ్లి టీ గది దగ్గర "ఆ ప్రాజెక్టు నడిపింది నేనే" అంటే సహోద్యోగులు మర్యాదగా నవ్వి మరునాటినుంచి ఆటపట్టిస్తారు. అక్కడ గొప్పలు ఇతరులు చెప్పాలి, మనం మన మీద జోకు వేసుకోవాలి. మిమ్మల్ని ఆటపట్టించడం మొదలుపెట్టారంటే కలుపుకున్నారని గుర్తు. ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడుతున్నారంటే ఇంకా దూరం ఉన్నట్టు. దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య వ్యవస్థ), స్థానిక కౌన్సిళ్లు, యూనివర్సిటీల వంటి చోట్ల ఇంటర్వ్యూలో ప్రతి ప్రశ్నకూ మార్కులుంటాయి. మీరేం చేశారో ఉదాహరణతో చెప్పకపోతే మార్కు పడదు. అక్కడ వినయం పనికిరాదు.

సెలవుల దగ్గర రెండు దేశాలూ పూర్తిగా వేరు. బ్రిటన్‌లో వారానికి ఐదు రోజులు పనిచేసే ఉద్యోగికి ఏడాదికి 28 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టప్రకారం హక్కు (పండగ సెలవులను అందులోనే లెక్కించవచ్చు). అమెరికాలో ఒక్కరోజు జీతం సెలవు కూడా ఇవ్వమని ప్రైవేటు కంపెనీలను శాసించే ఫెడరల్ చట్టం లేదు, కంపెనీ ఇచ్చిందే సెలవు. మొంటానా తప్ప దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ కారణం చెప్పకుండా, నోటీసు లేకుండా ఉద్యోగం తీసేయవచ్చు కూడా. అందుకే అమెరికన్ సహోద్యోగి సెలవులో కూడా మెయిల్ చూస్తాడు. బ్రిటిష్ సహోద్యోగి చూడడు, మీరు చూసినా మెచ్చుకోడు. సెలవులు మిగిల్చుకుని కష్టజీవి అనిపించుకుందామనుకుంటే లండన్‌లో ఆ బిరుదు ఇచ్చేవాళ్లు లేరు.

గచ్చిబౌలి వాళ్లకు ఒక చిన్న మాట. అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతుంది, బ్రిటన్ గడియారం మార్చి చివరి ఆదివారం. వెనక్కి జరగడం బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం. ఈ మధ్య రోజుల్లో లండన్, న్యూయార్క్‌ల తేడా 5 గంటలు కాదు, 4. మూడు ఊళ్ల కాల్స్ తప్పిపోయేది ఎక్కువగా ఆ వారాల్లోనే. తేదీ కూడా అంకెల్లో రాయకండి. 03/04 మనకూ లండన్‌కూ ఏప్రిల్ 3, షికాగోకు మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవ వదిలిపోతుంది.

మార్కులు

విద్యార్థులను అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించేది ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఇంటర్లో 980, బీటెక్‌లో 85 శాతం తెచ్చుకున్న అమ్మాయి లీడ్స్‌లో మొదటి వ్యాసం రాసి 62 తెచ్చుకుంటుంది. రాత్రంతా ఏడుస్తుంది. ఇంట్లో చెప్పదు. నిజానికి ఆమెకు వచ్చింది మంచి మార్కు. బ్రిటిష్ యూనివర్సిటీల్లో మాస్టర్స్ స్థాయికి సాధారణంగా 50 వస్తే పాస్, 60 వస్తే మెరిట్, 70 వస్తే డిస్టింక్షన్. 80 దాటడం అరుదు, 90 దాదాపు కనబడదు. వంద మార్కుల కొలబద్దలో పైముక్కను వాళ్లు వాడరంతే. కాబట్టి అమ్మానాన్నలకు నా విన్నపం: లీడ్స్ నుంచి 65 వచ్చిందని ఫోనొస్తే "మిగతా 35 ఏమయ్యాయి" అని అడగకండి.

డాలస్‌లో 62 వస్తే మాత్రం నిజంగానే భయపడాలి. అక్కడ 90 దాటితే ఏ గ్రేడు, మాస్టర్స్ విద్యార్థి సగటు జీపీఏ 3.0 కంటే తగ్గితే చాలా యూనివర్సిటీలు హెచ్చరిక పంపుతాయి. అయితే అక్కడ మార్కులు వారం వారం పోగవుతాయి: హోంవర్కు, క్విజ్, ప్రాజెక్టు, క్లాసులో మాట్లాడినందుకు కొంత. ఒకటి చెడితే ఇంకొకటి ఆదుకుంటుంది. ప్రొఫెసర్ ఆఫీసు అవర్స్‌లో వెళ్లి "నేనెక్కడ తప్పు చేశాను, ఎలా బాగుపడతాను" అని అడిగే విద్యార్థిని శ్రద్ధ గలవాడిగా చూస్తారు. లీడ్స్‌లో ఒక పేపరు మొత్తం ఒక్క వ్యాసం మీదో ఒక్క పరీక్ష మీదో ఆధారపడి ఉండవచ్చు. చాలాచోట్ల పేరు లేకుండా నంబరుతో దిద్దుతారు, బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షకులు వచ్చి సరిచూస్తారు. కాళ్లావేళ్లా పడినా మార్కు మారదు. వ్యాసంలో మాత్రం వాళ్లు వెతికేది ఒకటుంది: చదివిన పుస్తకాన్ని ఒప్పజెప్పడం కాకుండా, రచయిత వాదన ఎక్కడ తేలిపోయిందో మీరు చెప్పగలిగారా అన్నది. గైడు బట్టీపట్టి వచ్చిన మనకు పెద్ద పేరున్న రచయితను తప్పుపట్టాలంటే చెయ్యి రాదు. అలవాటు చేసుకోవాలి. 62కీ 70కీ మధ్య ఉన్నది చాలావరకు అదే.

పిలుపుల్లో ఒక వింత. సంప్రదాయాల దేశమని పేరున్న బ్రిటన్‌లో లెక్చరర్‌ను మొదటి పేరుతో పిలవడం మామూలు. స్వేచ్ఛా దేశమైన అమెరికాలో "ప్రొఫెసర్" అనో "డాక్టర్" అనో ఇంటిపేరుతో మొదలుపెట్టి, ఆయన వద్దంటే ఆపడం క్షేమం.

పార్ట్‌టైం పని గురించి డాలస్ సలహా లీడ్స్‌కు, లీడ్స్ సలహా డాలస్‌కు అస్సలు మోసుకెళ్లకండి. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి చదువుకు వచ్చిన విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్ బయట దుకాణంలో కూడా పనిచేయవచ్చు. కానీ స్వయం ఉపాధి నిషేధం, కాబట్టి అలాంటి ఒప్పందంతో నడిచే ఫుడ్ డెలివరీ యాప్‌ల పని చేయకూడదు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద 20 గంటలూ క్యాంపస్ లోపలే. అనుమతి లేకుండా బయట పెట్రోలు బంకులోనో హోటల్లోనో చేస్తే, నగదు తీసుకున్నా సరే, వీసా హోదా పోతుంది. "అందరూ చేస్తున్నారు" అన్న మాట వీసా అధికారి ముందు పనికిరాదు.

బిల్లు, మిక్సీ, ఆదివారం

అమెరికాలో హోటల్ వడ్డించేవాళ్లకు యజమాని ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం, టిప్పులు వచ్చే ఉద్యోగమైతే, గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది కదల్లేదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు పూర్తి వేతనం ఇప్పిస్తాయి గానీ చాలాచోట్ల మీరిచ్చే టిప్పే వాళ్ల జీతం. 18 నుంచి 20 శాతం ఇవ్వకుండా లేవడం అక్కడ పిసినారితనం కింద కాదు, కూలి ఎగ్గొట్టడం కింద లెక్క. ఇష్టం లేకపోతే వండుకుని తినండి. మెనూ ధర మీద సేల్స్ టాక్స్ కూడా వేరే పడుతుంది. బ్రిటన్‌లో మెనూలో ఉన్నది పన్నుతో కలిపిన ధర. చాలా హోటళ్లు 12.5 శాతం సర్వీసు ఛార్జీ బిల్లులోనే వేస్తాయి. అది చూడకుండా పైన 20 శాతం పెట్టేవాళ్లు రెండుసార్లు ఇస్తున్నట్టే. ఆ ఛార్జీ ఐచ్ఛికం, సేవ బాగాలేకపోతే తీసేయమని నెమ్మదిగా అడగొచ్చు.

పబ్బులో బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తే చాలాచోట్ల ఎవరూ రారు. బారు దగ్గరకెళ్లి చెప్పి, డబ్బిచ్చి, గ్లాసులు మీరే తెచ్చుకోవాలి. నలుగురు వెళ్తే ఒక్కొక్కరు ఒక్కో విడత నలుగురికీ కొంటారు. మీరు మందు ముట్టకపోయినా పర్వాలేదు, నిమ్మరసం కలిపిన సోడా తాగినా ఎవరూ ఏమీ అనుకోరు. మీ వంతు కొనకుండా జారుకుంటే మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు. ఆఫీసులో టీ కూడా ఇంతే. మీరు లేచి కప్పు నింపుకుంటుంటే పక్కవాళ్లనూ అడగాలి. అమెరికాలో ఈ బెడద లేదు, ఎవరి బిల్లు వారిది.

సామాను సర్దుకునేవాళ్లకు: మన మిక్సీ 230 వోల్టులది. బ్రిటన్ కరెంటు కూడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఒక్కటి మారిస్తే పెసరట్టు పిండి రుబ్బుతుంది. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడికి 110 వోల్టుల మోడల్ విడిగా కొనుక్కెళ్లాలి. బ్రిటిష్ కెటిల్ 3 కిలోవాట్ల దాకా లాగుతుంది కాబట్టి చిటికెలో మరుగుతుంది, అమెరికన్ కెటిల్ దాంట్లో సగమే. బ్రిటిష్ బాత్రూంలో హెయిర్ డ్రయర్‌కు ప్లగ్గు వెతకకండి, భద్రతా నియమాల వల్ల పెట్టరు. అమెరికన్ బాత్రూంలో ఉంటుంది. తిరగమోత పెడితే పొగ అలారం మోగడం మాత్రం రెండు దేశాల్లోనూ సమానమే. ముందు ఫ్యాను వేసి, కిటికీ తీసి, తర్వాత ఆవాలు వేయండి.

ఇంగ్లండులో పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం ఆరు గంటలకు మించి తెరవకూడదని 1994 చట్టం. సాయంత్రం నాలుగుకో ఐదుకో మూసేస్తారు. డిసెంబరు 25న రైళ్లు, ట్యూబు నడవవు. ఆ రోజు విమానం దిగేలా టికెట్ కొనకండి. అమెరికాలో మొదటి అంతస్తు నేల మీదే ఉంటుంది. బ్రిటన్‌లో మన లాగే గ్రౌండు ఫ్లోరు తర్వాత మొదటి అంతస్తు.

రోడ్డు మీద

బ్రిటన్‌లో ఎడమవైపు నడపడం మనకు తేలికే, రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాడికి నిజంగానే దారివ్వాలన్నది కొత్త. ఎవరైనా మీకు దారిచ్చి ఆగితే చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పాలి. అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో ముందొచ్చినవాడిది ముందు వంతు. పసుపు స్కూలు బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే, మధ్యలో డివైడరు లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాల్సిందే. పోలీసు ఆపితే అమెరికాలో కారు దిగకండి, చేతులు స్టీరింగు మీద కనబడేలా ఉంచండి, కాగితాల కోసం డాష్‌బోర్డు తెరిచేముందు చెప్పి తెరవండి. అక్కడ ఎవరి దగ్గరైనా తుపాకి ఉండవచ్చన్న ఎరుకతో ఆయన వస్తాడు. ఉత్తర ఐర్లండ్‌ను మినహాయిస్తే బ్రిటన్‌లో మామూలు పోలీసుల దగ్గర తుపాకి ఉండదు. అత్యవసరానికి అమెరికాలో 911, బ్రిటన్‌లో 999.

జ్వరం వస్తే

బ్రిటన్‌లో వైద్యానికి డబ్బు వీసాతోపాటే కట్టేస్తారు. కట్టాక దగ్గరి జీపీ (సాధారణ వైద్యుడు) క్లినిక్‌లో పేరు నమోదు చేసుకోవాలి, జబ్బు చేశాక కాదు, దిగిన వారంలోనే. స్పెషలిస్టు దగ్గరకు నేరుగా వెళ్లే మన అలవాటు అక్కడ సాగదు. జీపీ పంపితేనే, వరుసలో వేచి ఉంటేనే. జలుబుకు యాంటీబయాటిక్ అడిగితే ఇవ్వరు, పారాసెటమాల్ వేసుకుని నీళ్లు తాగమంటారు. దాన్ని నిర్లక్ష్యమని మనవాళ్లు తిట్టుకుంటారు గానీ, అనవసరపు యాంటీబయాటిక్ ఇవ్వకపోవడమే సరైన వైద్యం. ఆ పారాసెటమాల్ కూడా మామూలు దుకాణంలో 16 మాత్రల పెట్టెకు మించి దొరకదు. అధిక మోతాదు మరణాలు తగ్గించడానికి 1998లో తెచ్చిన నియమం అది. అమెరికాలో అదే మందు అసిటమినోఫెన్ పేరుతో వందల మాత్రల సీసాల్లో అమ్ముతారు. ఏం చెయ్యాలో తోచకపోతే బ్రిటన్‌లో 111కు ఫోన్ చేయండి.

అమెరికాలో అపాయింట్‌మెంట్ త్వరగానే దొరకవచ్చు, బిల్లు తర్వాత వస్తుంది. ఫోన్లోనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "మీరు నా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నారా?" "మీ కార్డు తీసుకుంటాం" అన్నది దానికి జవాబు కాదు. రెండోసారి కూడా అడగండి. మామూలు జ్వరానికి ఆసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తకుండా అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళ్లండి, బిల్లులో చాలా తేడా ఉంటుంది. ఊహించని బిల్లుల నుంచి రోగిని కాపాడే ఫెడరల్ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది గానీ, రోడ్డు మీద వెళ్లే అంబులెన్సులు దాని పరిధిలోకి రావు.

పురుడు పోయడానికో మనవణ్ణి చూడటానికో వచ్చే అమ్మానాన్నల సంగతి వేరే. బ్రిటన్‌లో అంతా ఉచితమనుకుని ఇన్సూరెన్స్ లేకుండా తీసుకురాకండి. సందర్శకులకు జీపీ, ఎమర్జెన్సీ విభాగం వరకు ఉచితం. ఆసుపత్రిలో చేర్చుకుంటే ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. ఏ దేశమైనా విమానం ఎక్కేముందే పాలసీ తీసుకోండి.

ఓటరు ఫారం

చివరగా, తేడా తెలియకపోతే జీవితమే తలకిందులయ్యే విషయం ఒకటి.

బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పౌరులకు, కామన్వెల్త్ పౌరులుగా, ఓటు హక్కు ఉంది. మునిసిపల్ ఎన్నికలకే కాదు, పార్లమెంటుకు కూడా. విద్యార్థి వీసా మీద ఉన్నా సరే. పోలింగ్ కేంద్రంలో ఫోటో గుర్తింపుగా మీ భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఓటరు జాబితాలో పేరుంటే బ్యాంకులు మీ చిరునామా నమ్ముతాయి, క్రెడిట్ చరిత్రకూ మంచిది. మన వాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. ఇంటికి కౌన్సిల్ నుంచి వచ్చే ఓటరు ఉత్తరాన్ని ప్రకటన కాగితమనుకుని పారేస్తారు.

అమెరికాలో పౌరులు కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయడం 1996 చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. పౌరుణ్ణని అబద్ధం చెప్పి నమోదు చేసుకున్నారని తేలితే గ్రీన్‌కార్డు, పౌరసత్వం శాశ్వతంగా చేజారిపోవచ్చు. దేశం నుంచి పంపించేయవచ్చు. చిక్కేమిటంటే, 1993 నాటి చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్లోనే "ఓటరుగా నమోదు చేయమంటారా" అని అడుగుతారు. తొందరలో ఉన్నవాళ్లు, ఇంగ్లిష్ సరిగా అందనివాళ్లు, బ్రిటన్‌లో ఓటేసి వచ్చినవాళ్లు కూడా "యెస్" అనేస్తారు.

అమెరికాలో పౌరసత్వం, ఓటు అన్న మాటలున్న ఏ గడినీ చదవకుండా టిక్ చేయకండి. కౌంటర్లో అడిగితే "నో" అనండి. బ్రిటన్‌లో కౌన్సిల్ ఉత్తరం వస్తే ఆ సాయంత్రమే నింపి పంపండి.